హైదరాబాద్‌కి మొదటిసారి వస్తున్నారా? లాడ్జి కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నాంపల్లి స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక లాడ్జిలో పద్నాలుగేళ్లుగా కౌంటర్ చూస్తున్నాను. శ్రీకాకుళం నుంచీ, కర్నూలు నుంచీ, ఆదిలాబాద్ నుంచీ కుటుంబాలు వస్తుంటాయి. బ్యాగులు కింద పెట్టగానే అడిగేది ఒకటే: "రెండ్రోజులు ఉంటాం, ఏమేం చూడొచ్చు?" ఆ ప్రశ్న రూమ్ బుక్ చేయకముందే వేసుకోవాలి. ఏం చూడాలో తేలితే ఎక్కడ దిగాలో దానంతటదే తేలుతుంది.

అపోహ: ఊళ్లో ఎక్కడ దిగినా ఒకటే, ఆటోలు క్యాబ్‌లు ఉన్నాయి కదా.

ఈ ఒక్క మాట వల్ల పాడైనన్ని ట్రిప్పులు ఇంక దేనివల్లా పాడవలేదు. ఫోటోల్లో అద్దాల మేడలా మెరుస్తోందని గచ్చిబౌలి వైపు హోటల్ తీసుకుంటారు. చూడాలనుకున్నవేమో చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్. ఇవన్నీ ఉన్న పాతబస్తీకి అక్కణ్ణుంచి దాదాపు ఇరవై కిలోమీటర్లు. ఆఫీసులు వదిలే వేళ, అందులోనూ వాన పడితే, గంటన్నర రోడ్డు మీదే పోతుంది. ఈ ఊరి దూరాల్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్కపెట్టుకోవాలి.

నేను అందరికీ చెప్పే లెక్క, రోజుకి ఒకటే దిక్కు. దక్షిణాన పాతబస్తీ ఒక రోజు. పడమట గోల్కొండ, దాని పక్కనే కుతుబ్‌షాహీ సమాధులు ఇంకో రోజు. బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ మధ్యలో ఉన్నాయి కాబట్టి ఏ సాయంత్రమైనా కుదురుతాయి. ఇలా చూడాలనుకునేవాళ్లకి నాంపల్లి, ఆబిడ్స్, కోఠి, లక్డీకాపూల్ అనువు. మాది నాంపల్లి కాబట్టి ఇలా చెప్పడం లేదు. కోఠిలో దిగినా ఇదే సుఖం. మీవాళ్లు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ, వాళ్లతో శిల్పారామం, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి చూడాలనుకుంటే మాత్రం అటే దిగండి.

అపోహ: రైలు ఏదైనా సికింద్రాబాద్‌లోనే దిగుతాం.

టికెట్ మీద స్టేషన్ పేరు ఒక్కసారి చదవండి. హైదరాబాద్ డెక్కన్ అని ఉంటే అది నాంపల్లి. కాచిగూడ వేరు. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు అక్కడే ఆగిపోతున్నాయి. అక్కడికి మెట్రో లేదు, ఊరు దూరం. తెల్లవారుజామున పిల్లలతో దిగేవాళ్లు దీన్ని ముందే చూసుకుంటే టెన్షన్ ఉండదు.

అపోహ: రూమ్ బుక్ చేశాం కాబట్టి ఎప్పుడెళ్లినా తాళం ఇస్తారు.

పొద్దున అయిదింటికి రైలు దిగి, ఆరింటికి కౌంటర్ ముందు నిలబడి, "మధ్యాహ్నం 12కి గానీ చెకిన్ లేదు" అనిపించుకోవడం చాలామందికి జరుగుతుంది. హోటళ్లలో రెండు పద్ధతులున్నాయి. కొన్నిచోట్ల చెకిన్, చెకౌట్‌కి గడియారం టైమ్ ఉంటుంది. మీరు ఎప్పుడొచ్చినా ఆ టైమ్‌కి ఖాళీ చేయాలి. కొన్ని పాత లాడ్జీల్లో 24 గంటల పద్ధతి, అంటే ఆరింటికి తీసుకుంటే మర్నాడు ఆరింటి వరకూ. రాత్రి ప్రయాణం చేసి వచ్చేవాళ్లకి రెండోదే మేలు. బుక్ చేసే ముందు ఫోన్ చేసి "మీది 24 గంటలా, 12 టు 12 ఆ?" అని అడగండి చాలు. పెద్దవాళ్లందరి గుర్తింపు కార్డులూ తెచ్చుకోండి; ఇంటి పెద్ద ఆధార్ ఒక్కటి చూపిస్తే సరిపోదు.

అపోహ: మెట్రో ఎక్కితే అన్నిచోట్లకీ వెళ్లిపోవచ్చు.

మెట్రో మంచి సదుపాయం, నేనూ రోజూ ఎక్కుతాను. కానీ ఇప్పటికి చార్మినార్‌కి లేదు, గోల్కొండకి లేదు, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కీ లేదు. పాతబస్తీకి ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో పట్టుకోవాలి. ఎయిర్‌పోర్ట్‌కి ఆర్టీసీ పుష్పక్ బస్సులున్నాయి. ఆంధ్రా నుంచి వచ్చే ఆడవాళ్లకి ఇంకో మాట: ఇక్కడి బస్సుల్లో మహాలక్ష్మి ఉచిత ప్రయాణం తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే. కండక్టర్‌తో మాటపడకుండా టికెట్ తీసుకోండి.

అపోహ: శని, ఆదివారాలు రష్, కాబట్టి శుక్రవారమే అన్నీ చూసేయాలి.

ఇది నాకు బాగా గుర్తుండిపోయిన తప్పు. కొలువులో చేరిన కొత్తలో, విజయనగరం నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని శుక్రవారం పొద్దున్నే సాలార్‌జంగ్‌కి పంపాను. గంటలో తిరిగొచ్చారు. శుక్రవారం సెలవు. మర్నాడు పొద్దున్నే వాళ్ల రైలు. వాళ్లలో పెద్దావిడ, "పర్లేదు బాబూ, నీకూ తెలీదు కదా" అంది. తెలిసి ఉండాల్సింది నాకే. ఆ రోజు నుంచీ వారాల పట్టీ రాసి కౌంటర్ అద్దం కింద పెట్టాను: సాలార్‌జంగ్, చౌమహల్లా శుక్రవారం సెలవు, జూ పార్క్ సోమవారం సెలవు, మక్కా మసీదు చూడాలంటే శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ వద్దు. గోల్కొండ వారమంతా తెరిచే ఉంటుంది, శుక్రవారం దానికి పెట్టుకోండి.

సాలార్‌జంగ్‌కి కనీసం సగం రోజు ఇవ్వండి. అక్కడి గడియారంలో గంటగంటకీ ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్తుంది. దానికోసం జనం ముందే వచ్చి కూర్చుంటారు. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు కాబట్టి ఆ వేళ ఇంకా కిక్కిరిసి ఉంటుంది. ముసుగు వేసుకున్న రెబెక్కా విగ్రహం దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కాడు. ముసుగూ పాలరాయే, దాని వెనక కనిపించే ముఖమూ పాలరాయే. కాస్త పక్కకి జరిగి చూస్తే ముక్కు దగ్గర గుడ్డ మడత పడ్డట్టే ఉంటుంది.

అపోహ: పాతబస్తీ కొత్తవాళ్లకి మంచిది కాదు, చీకటి పడకముందే వచ్చేయాలి.

ఈ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. 1591లో కట్టిన చార్మినార్ చుట్టూ ఇప్పుడు బండ్లు రానివ్వరు, చంటిపిల్లల్ని ఎత్తుకుని కుటుంబాలు హాయిగా తిరుగుతుంటాయి. జాగ్రత్తంటే, రద్దీలో పర్సూ ఫోనూ చూసుకోవడమే, అది ఏ తిరనాళ్లలోనైనా ఉన్నదే. ఫోటోలు కావాలంటే పొద్దున ఏడింటికి వెళ్లండి. లాడ్ బజార్ అందం మాత్రం దీపాలు పెట్టాకే. అక్కడ గాజులు కొనడంతో సరిపెట్టొద్దు, చేసేవాళ్లు కనబడితే ఆగి చూడండి. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, తాడులా సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కో రాయీ అద్దుతారు. పిల్లలు ఈ ఒక్కటీ చూసి వచ్చి నాకు అరగంట చెప్పారు ఒకసారి.

ముత్యాల విషయంలోనూ ఒక పొరపాటు ఉంది. అవి ఇక్కడ పుట్టవు, ఈ ఊరికి సముద్రమే లేదు. బయటినుంచి తెచ్చిన ముత్యాలకు రంధ్రం వేసి, వన్నె దిద్ది, దండ గుచ్చే పనితనం ఇక్కడిది. గోల్కొండ వజ్రాలూ అంతే. గని కోటలో లేదు. పేరుమోసిన కొల్లూరు గనులు కృష్ణ ఒడ్డున, మన పల్నాడు వైపు ఉండేవి. గోల్కొండ వాటికి బజారు.

అపోహ: రామోజీ ఫిల్మ్ సిటీ మధ్యాహ్నం వెళ్లి రావచ్చు.

కుదరదు. విజయవాడ రోడ్డులో ఊరి బయట ఉంది, పూర్తి రోజు పోతుంది. రెండ్రోజుల ట్రిప్ అయితే నేను వద్దనే చెబుతాను. పిల్లలు పట్టుబడితే మూడో రోజు పెట్టుకుని, ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్లి, మిగతా దూరం రోడ్డు మీద వెళ్లండి.

అపోహ: గోల్కొండకి గంట చాలు, పెద్దవాళ్లకైతే కుదరదు.

గంట చాలదు, పెద్దవాళ్లకి కుదురుతుంది. కోట పైభాగాన ఉన్న బాలా హిస్సార్ దాకా 360 మెట్ల వరకూ ఉంటాయి. తెరిచే వేళకే వెళితే ఎండ ఎక్కేలోపు పైకి చేరొచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కక్కర్లేదు. మా అమ్మని తీసుకెళ్లినప్పుడు ఆవిడ ప్రవేశద్వారం దగ్గర గుమ్మటం కిందే ఆగింది. అక్కడ చప్పట్లు కొడితే పైదాకా వినిపిస్తుందని అందరూ చెప్పేదే. కానీ కింద వందమంది కొడుతుంటే పైన ఉన్నవాళ్లకి ఎవరివో ఎలా తెలుస్తుంది? మేం ముందే అనుకున్నాం: రెండు చప్పట్లు, కాస్త ఆగి ఇంకొకటి. పైకెళ్లాక ఫోన్ చేసి "ఇప్పుడు కొట్టమ్మా" అన్నాను. రెండు వినిపించాయి. ఆగింది. తర్వాత ఇంకొకటి.