కొత్త సిస్టమ్ ఊరికే ఆగిపోతోందా? రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

విజయవాడలో సిస్టమ్స్ అసెంబ్లింగ్ మొదలెట్టి పదిహేనేళ్లు దాటింది, ఇప్పటికీ వారానికి ఇద్దరు ముగ్గురు ఇదే మాటతో వస్తారు, "అన్నా అన్నీ కొత్తవే, మొన్నే బిగించా, గేమ్ పెడితే పది నిమిషాలకి పోతోంది" అని. ఎలా పోతోంది తమ్ముడూ అంటే మాత్రం చెప్పలేరు. కరెంటు తీసేసినట్టు టక్కున ఆరిపోయి మళ్లీ అదే ఆన్ అవుతోందా, బ్లూ స్క్రీన్ వస్తోందా, లేకపోతే గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనబడుతోందా? ఈ మూడూ వేరే వేరే జబ్బులు. అది చూసుకోకుండా ఏ పార్టు మార్చాలి అంటే నేనైనా ఏం చెప్తా.

అపోహ: అన్నీ కొత్త పార్టులే, తేడా ఉండే ఛాన్సే లేదు

పార్టులు చాలాసార్లు బానే ఉంటాయండీ, బిగించడంలోనే వస్తుంది తేడా. కానూరు నుంచి ఒక బీటెక్ కుర్రాడు తెచ్చాడు, సొంతంగా బిగించుకున్నాడు, పని నీట్‌గానే ఉంది, కానీ టేబుల్‌కి మోకాలు తగిలితే చాలు ఆఫ్. బోర్డు విప్పి చూస్తే కింద ఇత్తడి స్టాండాఫ్, అంటే బోర్డుని కేబినెట్‌కి తగలకుండా ఎత్తి నిలిపే చిన్న మర, ఒకటి ఎక్కువ ఉంది, ఆ చోట బోర్డుకి కన్నమే లేదు, దాని తల వెళ్లి సోల్డరింగ్ చుక్కల్ని రాసుకుంటోంది, బోర్డు వెనక గోరుతో గీరినంత గీత. కాస్త కదిలితే షార్ట్, వెంటనే ఎస్‌ఎంపీఎస్, అదే పార్టులకి కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా, తనని తాను కాపాడుకోడానికి ఆపేస్తోంది. స్టాండాఫ్ ఒక్కటి పీకాను, అంతే, ఒక్క పార్టు మార్చలేదు. వాడేమో అప్పటికే మదర్‌బోర్డు రిటర్న్ పెట్టేశాడు.

అపోహ: ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దితే సెట్ అయిపోద్ది

ఇది మనూళ్లో తరతరాల వైద్యం. పాత మెషీన్‌కి, తుప్పూ దుమ్మూ పట్టినదానికి ఏమో గానీ కొత్త ర్యామ్‌కి ఏం రుద్దుతారు? బాగైంది అంటే అది రబ్బరు మహిమ కాదు, తీసి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టారు కాబట్టి. రెండు స్టిక్‌లైతే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ స్లాట్లలో పెట్టాలి, మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది.

అసలు దొంగ వేరే ఉంటాడు. ర్యామ్ డబ్బా మీద స్పీడ్ 6000 అని రాసుంటుంది, బయోస్‌లో (విండోస్ కంటే ముందుండే సెట్టింగుల స్క్రీన్) ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే ఆ స్పీడ్ వస్తుంది, అది ఓవర్‌క్లాకింగ్, అంటే కంపెనీ చెప్పినదానికంటే ఎక్కువ స్పీడ్‌లో నడపడం కిందే లెక్క. ఏఎండీ వాళ్ల రైజెన్ 7000 సిరీస్ ప్రాసెసర్లకి కంపెనీ చెప్పిన ర్యామ్ స్పీడ్ రెండు స్టిక్‌లైతే 5200, నాలుగు పెడితే 3600 మాత్రమే. చాలామందికి 6000 హాయిగా నడుస్తుంది, మీకు నడవాలని రూలు లేదు. బయోస్‌లో ఆ సెట్టింగ్ ఆఫ్ చేసి రెండ్రోజులు వాడి చూడండి, క్రాష్ ఆగిపోతే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ వేసుకుని రాత్రంతా వదిలేయండి, పొద్దున్నే ఒక్క ఎర్రర్ ఉన్నా ఒప్పుకోకూడదు, "ఒకటే కదా" అనేది ఇక్కడ చెల్లదు.

అన్నట్టు డీడీఆర్5 (కొత్త రకం ర్యామ్) సిస్టమ్ ఫస్ట్ టైమ్ ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనే ఉండొచ్చు, మెమరీ ట్రైనింగ్, అంటే బోర్డు ర్యామ్‌కి తగ్గట్టు తనని సర్దుకోవడం, అవుతూ ఉంటుంది. కంగారుపడి స్విచ్ కట్టేయకండి.

అపోహ: ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 ఉందంటే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే

ఈవెంట్ వ్యూయర్ అంటే విండోస్ తన సంగతులు రాసుకునే చిట్టా. పేరులో పవర్ ఉందని అందరూ ఇక్కడే పడిపోతారు. ఆ లైను చెప్పేది ఒకటే, పోయినసారి విండోస్ పద్ధతిగా షట్‌డౌన్ అవ్వలేదు అని. ఎందుకు అవ్వలేదో దానికీ తెలీదు. మీరు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా అదే 41 పడుతుంది, కావాలంటే చేసి చూడండి. బ్లూ స్క్రీన్ వస్తుంటే మాత్రం విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, అందులో ఫైల్స్ పట్టుకురండి, పని సగం తగ్గుతుంది.

ఎస్‌ఎంపీఎస్ మార్చేవాళ్లకి ఒక్క మాట, పాతదాని మాడ్యులర్ (ఊడదీసి పెట్టుకునే) కేబుళ్లు కొత్తదానికి పెట్టొద్దు. కన్నంలో పట్టినంత మాత్రాన లోపల పిన్నుల వరుస ఒకటే అవ్వదు, హార్డ్‌డిస్క్‌లు మాడిపోవచ్చు.

అపోహ: ఫార్మాట్ కొట్టేస్తే పోద్ది

మెమ్‌టెస్ట్‌లోనో బయోస్ స్క్రీన్ మీదో కూడా ఆగిపోతుంటే ఫార్మాట్ దేనికండీ, అక్కడ విండోస్ లేనే లేదుగా.

అపోహ: బెజవాడ ఎండలకి ప్రాసెసర్ తట్టుకోలేకపోతోంది

మే నెలలో రూమే 40 డిగ్రీలుంటే లోపల వేడి పెరుగుతుంది, నిజమే. కానీ ఇప్పటి ప్రాసెసర్లు వేడెక్కితే ముందు స్పీడ్ తగ్గించుకుంటాయి, ఆగిపోవడం చివరి మెట్టు. రైజెన్ 7000లో 95 డిగ్రీల దాకా వెళ్లడం డిజైన్‌లోనే ఉంది. వేడి ఎంతుందో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ పెట్టి చూడండి, 70లో ఉండగానే పోతుంటే ఆ నెపం ఎండ మీద వేయకండి. మరీ 100కి తగులుతుంటే కూలర్ కింద ప్లాస్టిక్ స్టిక్కర్ పీకారో లేదో చూసుకోండి, నవ్వకండి, ఏడాదికి రెండైనా చూస్తా.

అపోహ: "వీడియో మెమరీ చాలలేదు" అని వస్తే గ్రాఫిక్స్ కార్డ్‌దే తప్పు

ఇంటెల్ 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజ్ ఎక్కువ వెళ్లి చిప్ అరిగిపోయే సమస్య 2024లో బయటపడింది, కొన్ని గేముల్లో అది సరిగ్గా ఈ మెసేజ్‌తోనే కనబడేది. పాపం కార్డులు మార్చుకున్నారు జనం. ఇంటెల్ ఆ ఆగస్టు, సెప్టెంబర్లలో మైక్రోకోడ్ (బయోస్ అప్‌డేట్‌తో ప్రాసెసర్‌కి చేరే దిద్దుబాటు) ఇచ్చింది, వారంటీ ఇంకో రెండేళ్లు పెంచింది. బయోస్ అప్‌డేట్ ఇక ముందు అరగకుండా ఆపుతుంది గానీ అరిగినదాన్ని బాగుచేయదు, అలాంటిది వారంటీలో మార్పించుకోవడమే.

అపోహ: ఇంట్లో ఫ్రిజ్, టీవీ బానే నడుస్తున్నాయి, కరెంటు తేడా అయ్యుండదు

గుంటూరు బ్రాడీపేటలో ఒకాయన వాళ్లబ్బాయి సిస్టమ్ రెండుసార్లు బస్సులో వేసుకొచ్చారు. నా దగ్గర ఆరు గంటలు నాన్‌స్టాప్‌గా నడిచింది, ఇంటికెళ్తే అరగంట. మూడోసారి నేనే వెళ్లా. గేమ్ పెట్టి వింటే స్విచ్‌బోర్డులోంచి సన్నగా చిట్‌చిట్ మని సౌండ్, ప్లగ్ పట్టుకుంటే వెచ్చగా ఉంది. వేలు వెనక్కి తిప్పి కేబినెట్‌కి ఆనిస్తే జివ్వున లాగింది, అంటే ఎర్తింగ్ కూడా లేదు. ఆయనేమో "మా కరెంటు బానే ఉందండీ, ఫ్రిజ్ నడవట్లా?" అంటారు. సాకెట్‌లో వైరు లూజై రెప్పపాటులో పోయి వస్తుంటే ఫ్రిజ్‌కి ఏం పట్టదు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఫుల్ లోడ్‌లో ఉంటే సెకనులో చాలా చిన్న వంతే ఓర్చుకుంటుంది, అది దాటితే ఆరిపోవాల్సిందే. అబ్బాయి చదువుకునేటప్పుడు బాగుండి గేమ్ పెడితేనే పోయేది అందుకే, వాళ్లమ్మగారు గేముల వల్లే పాడైందని నాలుగు నెలలుగా తిడుతున్నారట.

ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ మార్చి ఎర్త్ వైరు కలిపాక ఒక్కసారి కూడా ఆగలేదు. నేను బయల్దేరుతుంటే ఆయన లోపలికెళ్లి బీరువా మీద నుంచి సీల్ తీయని ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఒకటి దించి, "దీన్ని మీ షాపులో తీసుకుంటారాండీ?" అన్నారు.