హాన్స్ మెట్స్‌గర్ ఇంజిన్లు: అపోహలు, వాస్తవాలు

ఇంజిన్ డిజైన్‌లో పనిచేసేవాళ్లం నలుగురం చేరామంటే జర్మన్ కార్ల కంపెనీ పోర్షెలో ఇంజిన్లు రూపొందించిన హాన్స్ మెట్స్‌గర్ పేరు రాక మానదు. 1956లో ఆ కంపెనీలో చేరిన ఆయన 2020 జూన్‌లో, 90 ఏళ్ల వయసులో పోయారు. ఆయన మీద చెప్పుకునే కథలకు కొదవలేదు. వాటిలో కొన్ని ఆయన అసలు పనితనాన్నే మరుగున పడేస్తున్నాయి.

అపోహ: పోర్షె 917 రేసు కారుది పన్నెండు సిలిండర్ల బాక్సర్ ఇంజిన్.

వాస్తవం: సిలిండర్లు అటూ ఇటూ పడుకుని కనిపిస్తే చాలు, బాక్సర్ అనేస్తారు. బాక్సర్‌లో ప్రతి పిస్టన్‌కూ సొంత క్రాంక్‌పిన్ (పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కి పిస్టన్ కడ్డీ తగిలే చోటు) ఉంటుంది. ఎదురెదురు పిస్టన్లు కలిసి బయటికి పోతాయి, కలిసి లోపలికి వస్తాయి. పోర్షె రోడ్డు కారు 911 ఇంజిన్ అలాంటిది. 917లో మాత్రం ఎదురెదురు పిస్టన్లు రెండూ ఒకే పిన్ మీద నడుస్తాయి. ఒకటి లోపలికి వస్తుంటే రెండోది బయటికి పోతుంది. అంటే అది 180 డిగ్రీలు విప్పిన వీ-12 (సిలిండర్లు V ఆకారంలో రెండు వరుసలుగా ఉండే ఇంజిన్).

అసలు ముచ్చట క్రాంక్ షాఫ్ట్‌ది. అంత పొడవాటి షాఫ్ట్ తిరిగేటప్పుడు మెలిపడుతూ కంపిస్తుంది. ఆ కంపనం చివర్లలో ఎక్కువ, నడిమధ్యన దాదాపు ఉండదు. అందుకని మెట్స్‌గర్ పవర్‌ని నడిమధ్యనే గేరు పెట్టి బయటికి తీశారు. కాగితం మీద గీత పడకముందే బలం ఎటు పోవాలి, వేడి ఎటు పోవాలి అని తేల్చుకునే మనిషి ఆయన. 917 కార్లు 1970లోనూ 1971లోనూ ఫ్రాన్స్‌లోని 24 గంటల లె మాన్ రేసు గెలిచాయి.

అపోహ: పాత 911 ఇంజిన్‌ని చల్లబరిచేది గాలి ఒక్కటే.

వాస్తవం: ఫ్యాన్ కంటికి కనిపిస్తుంది కాబట్టి పేరంతా దానికే పోయింది. వేడిలో చెప్పుకోదగ్గ వాటాని ఆయిల్ కూడా మోసుకెళ్తుంది. డ్రై సంప్ పద్ధతిలో ఆయిల్ విడిగా ట్యాంకులో ఉంటుంది, మలుపుల్లో కారు ఎంత ఒరిగినా పంపుకి అందుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి. 1964లో ఈ ఇంజిన్ 2 లీటర్లు, 130 హార్స్‌పవర్. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 80 మిల్లీమీటర్లే అయినా, పక్కపక్క సిలిండర్ల మధ్యబిందువుల దూరం 118 మిల్లీమీటర్లు. క్రాంక్ షాఫ్ట్‌ని మోసే మెయిన్ బేరింగులు 8. అంత చిన్న ఇంజిన్‌కి ఇంత జాగా ఎందుకని ఇవాళ ఏ ఖర్చుల విభాగమైనా నిలదీస్తుంది! ఆ జాగా ఉండబట్టే ఇంజిన్ పెద్దదవుతూ వచ్చింది. ఆ వంశంలోనిదే 2011 నాటి 911 జీటీ3 ఆర్ఎస్ 4.0 ఇంజిన్: నాలుగు లీటర్లు, 500 హార్స్‌పవర్. దాన్ని జనం ‘మెట్స్‌గర్ ఇంజిన్’ అంటారు గానీ, అది వచ్చేసరికి ఆయన రిటైరై చాలా ఏళ్లయింది.

అపోహ: ఎగ్జాస్ట్ పొగ బలంతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే టర్బో ఆయన కనిపెట్టిందే.

వాస్తవం: కాదు. 1962లోనే అమెరికాలో టర్బో కార్లు అమ్మారు. యాక్సిలరేటర్ నొక్కాక పవర్ అందడానికి పట్టే ఆలస్యమే అసలు తలనొప్పి. పోర్షె బృందం ఒత్తిడిని ఎగ్జాస్ట్ వైపు వాల్వుతో అదుపు చేసి, ఉత్తర అమెరికాలోని కాన్-ఆమ్ రేసు పోటీల్లో వెయ్యి హార్స్‌పవర్ దాటిన కారుని మలుపుల్లో నడపగలిగేలా చేసింది. 1972, 1973 టైటిళ్లు వాళ్లవే. 1974లో అదే అనుభవం రోడ్డు మీది 911 టర్బోలోకి వచ్చింది.

అపోహ: మెక్‌లారెన్ రేసు జట్టుకి ఇచ్చిన ఫార్ములా వన్ ఇంజిన్ పూర్తిగా ఆయన ఇష్టప్రకారం తయారైంది.

వాస్తవం: డబ్బు టాగ్ సంస్థది, కొలతలు మెక్‌లారెన్ డిజైనర్ జాన్ బర్నార్డ్‌వి. కారు అడుగున గాలి దారులకు అడ్డు రాకూడదన్నారు. ఆ హద్దుల్లోనే ఒకటిన్నర లీటర్ల వీ-6 తయారైంది. 1984లో డ్రైవర్ నికీ లౌడా, 1985, 1986లలో డ్రైవర్ అలాన్ ప్రోస్ట్ దాంతోనే చాంపియన్లయ్యారు.

అపోహ: ఆయన చేయి పడ్డ ఇంజిన్‌కి ఓటమి లేదు.

వాస్తవం: 1991లో ఫార్ములా వన్ జట్టు ఫుట్‌వర్క్‌కి ఇచ్చిన మూడున్నర లీటర్ల వీ-12 సంగతి అభిమానులు ఎత్తరు. 917లోలాగే అందులోనూ పవర్ నడిమధ్య నుంచే తీశారు. కానీ బరువు ఎక్కువైంది, ఆయిల్ ఇబ్బందులు తోడయ్యాయి. ఒక్క పాయింటూ రాలేదు. సీజన్ సగం కాకముందే జట్టు ఫోర్డ్ కాస్‌వర్త్ ఇంజిన్లకు మారిపోయింది.