రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవ లేదు, డబ్బులకే: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు ఐరోపా చరిత్ర చెబుతుంటాను. "నిరంకుశ రాజు ఏం తలచుకున్నా జరిగిపోయేది" అన్న వాక్యం ఆన్సర్ షీట్లలో ఏటా కనిపిస్తుంది. తలచుకుంటే దెబ్బలకు కొదవ లేకపోవచ్చు. ఖజానా లెక్కలు చూస్తే మాత్రం కథ వేరు.

అపోహ: "రాజ్యమంటే నేనే" అని ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ప్రకటించాడు.

వాస్తవం: 1655లో అన్నాడంటారు కానీ, ఆ కాలం నాటి ఆధారం ఒక్కటీ లేదు.

అపోహ: నిరంకుశ రాజు ఎంత కావాలంటే అంత పన్ను పిండేవాడు.

వాస్తవం: అసలు తికమకంతా ఇక్కడే. ఫ్రాన్స్‌లో ప్రధానమైన ప్రత్యక్ష పన్ను 'తాయ్'. డబ్బున్న ప్రభువర్గానికి, మతాధికారులకు చాలావరకు దాన్నుంచి మినహాయింపు. ఫ్రాన్స్ పశ్చిమాన ఉన్న బ్రిటనీ లాంటి ప్రాంతాలకు సొంత సభలుండేవి, ఎంత కట్టాలో వాటితో బేరం తేల్చుకోవాల్సిందే.

ఉప్పు పన్ను సంగతి చూడండి. పారిస్ చుట్టుపక్కల ప్రాంతాల్లో ఎనిమిదేళ్లు దాటినవాళ్లందరి లెక్కన ప్రతి ఇల్లూ రాజుగారి గిడ్డంగిలో, పన్ను కలిపిన ధరకు, ఏటా ఇంత ఉప్పు కొనితీరాలి. అది వంటకే వాడాలి. మాంసం ఊరబెట్టాలంటే మళ్లీ వేరుగా కొనాలి. బ్రిటనీలో మాత్రం ఈ పన్నే లేదు. 18వ శతాబ్దం చివరికి సరిహద్దుకు అటూ ఇటూ ఉప్పు ధరలో తేడా ఇరవై రెట్లు! ఇక దొంగరవాణా జరగదా? కుక్కలకు ఉప్పు మూటలు కట్టి మరీ దాటించేవారు. పైగా ఈ పన్ను వసూలు చేసేది రాజు మనుషులు కాదు, గుత్తేదారులు. ముందే ఒప్పుకున్న మొత్తం రాజుకిచ్చి, పైన మిగిలింది వాళ్లు వేసుకునేవారు.

పదవులూ అమ్మకానికే. 1604 నుంచి పదవి విలువలో అరవయ్యో వంతు ఏటా కడుతూ ఉంటే అది కొడుక్కి దక్కేది. కొనుక్కున్న ఆస్తి కదా, ఊరికే పీకేయడానికి రాజుకూ వీల్లేదు. ఇదీ మనం నిరంకుశత్వం అనుకునే దాని లోపలి సంగతి.

ఇంగ్లండ్‌లో 1688 విప్లవం తర్వాత పార్లమెంటు ఒప్పుకోనిదే పన్ను లేదు. అయినా 18వ శతాబ్దంలో తలసరి పన్ను భారం ఫ్రాన్స్‌లో కన్నా బ్రిటన్‌లోనే ఎక్కువ. పన్నుకు ఓటేసిన భూస్వాములే భూమి పన్ను కట్టేవారు. పార్లమెంటు పూచీ ఉంది కాబట్టి అప్పులూ సులువుగా పుట్టేవి. 1694లో పుట్టగానే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రభుత్వానికి 12 లక్షల పౌండ్లు 8 శాతం వడ్డీకి అప్పిచ్చింది. మాటిమాటికీ బాకీలు ఎగ్గొట్టే ఫ్రాన్స్ రాజులకు అంత తేలిగ్గా అప్పెవరిస్తారు?

అపోహ: వాణిజ్యవాదం (మెర్కంటిలిజం, అంటే ఎగుమతులు పెంచి దిగుమతులు తగ్గించి దేశాన్ని సంపన్నం చేయాలన్న ఆనాటి ఆర్థిక విధానం) అంటే వెండి, బంగారం పోగేయడమే.

వాస్తవం: అదే నిజమైతే దక్షిణ అమెరికాలోని పొటోసీ వెండి గనులున్న స్పెయిన్ అందరికన్నా పైనుండాలి. కానీ ఆ దేశపు రాజు రెండో ఫిలిప్ 1557, 1575, 1596లలో అప్పులు తీర్చలేక చేతులెత్తేశాడు. ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ థామస్ మన్ అయితే, వెండిని తూర్పు దేశాలకు పంపినా ఫర్వాలేదు, తెచ్చిన సరుకు తిరిగి అమ్మితే అంతకంటే ఎక్కువే వస్తుందని వాదించాడు. ఆ కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో దిగింది. కోరమండల్ తీరపు అద్దకం బట్టలకు ఐరోపాలో ఎంత గిరాకీ అంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటారని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం ఎత్తేయలేదు. అసలు గొడవంతా పనీ, ఉత్పత్తీ ఎవరి దగ్గర ఉండాలన్నదే.

అపోహ: అప్పట్లో ఐరోపా అంతా ఒకే తరహా రాచరికం.

వాస్తవం: పోలండ్‌లో రాజును ప్రభువులు ఎన్నుకునేవారు. 1652 నుంచి ఒక్క సభ్యుడు కాదన్నా సభ మొత్తం ఆగిపోయేది. డచ్చివాళ్లకు రాజే లేడు. రాజు సర్వాధికారాన్ని చట్టంగా రాసిపెట్టుకున్నది డెన్మార్క్. 1665 నాటి ఆ చట్టం 1849లో రాజ్యాంగం వచ్చేదాకా ఉంది. నిరంకుశత్వానికి ఉదాహరణ అడిగితే పిల్లలంతా లూయీనే రాస్తారు. డెన్మార్క్ అని రాసిన పేపర్ నాకింకా తగల్లేదు.