ఆర్కాది మఠంలో రెండు రోజులు

ప్రియమైన పిల్లలకు,

పోయిన సెలవుల్లో అట్లాసు ముందేసుకుని కూర్చున్నప్పుడు, గ్రీసు కింద సముద్రంలో గొంగళిపురుగులా అడ్డంగా పడుకున్న దీవిని చూపించి "తాతయ్యా, ఇదీ గ్రీసేనా?" అని అడిగారు. అవునన్నాను. ఇంతలో భోజనాలకు పిలుపు వచ్చింది కాబట్టి తప్పించుకున్నాను గానీ, ఆ ఒక్క "అవును" వెనక చాలా కథ ఉంది. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

ఆ దీవి పేరు క్రీట్. 1669లో వెనిస్ వాళ్ల చేతిలోంచి, టర్కీని ఏలే ఒట్టోమన్ సుల్తాను చేతిలోకి వెళ్లింది. 1821లో గ్రీకులు సుల్తాను మీద తిరగబడినప్పుడు క్రీట్ వాళ్లూ ఆయుధం పట్టారు. 1830లో గ్రీసు స్వతంత్ర రాజ్యమైంది కానీ, దాని హద్దులు నిర్ణయించింది లండన్‌లో సమావేశమైన పెద్ద రాజ్యాలు. క్రీట్ ఆ గీతకు అవతల పడింది. పెళ్లిపనులన్నీ చేయించుకుని, బంతిలో కూర్చునే వేళకు ఒకణ్ణి మాత్రం పిలవనట్టు.

1866 వసంతంలో, క్రీట్‌లోని హానియా పట్టణం దగ్గర బూచునారియా అనేచోట క్రైస్తవ ప్రతినిధులు చేరి సుల్తానుకు అర్జీ రాశారు. పన్నుల భారం తగ్గించమని, న్యాయస్థానాల్లో తమకూ న్యాయం జరిగేలా చూడమని అందులో అడిగారు. సుల్తాను మొండిచేయి చూపాడు. ఆగస్టులో స్ఫాకియా కొండల్లో వాళ్లు గ్రీసులో కలిసిపోతున్నామని ప్రకటించారు. నినాదం "ఎనోసిస్ లేదా మరణం". ఎనోసిస్ అంటే కలయిక.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. క్రీట్ ముస్లింలంటే ఎక్కడినుంచో వచ్చి పడినవాళ్లని అనుకోకండి. వాళ్లలో ఎక్కువమంది ఆ నేల మీద పుట్టినవాళ్లే, తరాల క్రితం మతం మారిన కుటుంబాలవాళ్లు. ఇంట్లో మాట్లాడేది గ్రీకే. తిరుగుబాటు మొదలవగానే పల్లెల్లోని ముస్లింలు ప్రాణభయంతో కోటగోడలున్న పట్టణాలకు పరుగెత్తారు. సుల్తాను సైన్యం బయలుదేరగానే క్రైస్తవులు కొండలకూ మఠాలకూ పరుగెత్తారు.

అలా జనం చేరిన మఠాల్లో ఒకటి ఆర్కాది. అక్కడి చర్చి ముఖద్వారం 1587 నాటిది, చూడముచ్చటగా ఉంటుంది. చుట్టూ ఎత్తయిన గోడలున్నాయి గానీ అది కోట కాదు. గ్రీసు నుంచి వచ్చిన కొరోనియోస్ అనే సైనికాధికారి ఆ మాటే చెప్పాడు: ఇది యుద్ధానికి పనికివచ్చే చోటు కాదు, కనీసం బయట ఉన్న పశువుల కొట్టాన్నయినా పడగొట్టండి, లేకపోతే శత్రువు దాని చాటున చేరతాడు అని. ఆ సలహా అమలు కాలేదు. మఠాధిపతి గాబ్రియేల్ పట్టుదల మనిషి. లొంగిపొమ్మని కబురు వస్తే ఒప్పుకోలేదు. దిమాకోపులోస్ అనే యువ అధికారికి రక్షణ బాధ్యత అప్పగించి కొరోనియోస్ వెళ్లిపోయాడు.

అప్పటికి మఠంలో 964 మంది ఉన్నారని లెక్క. అందులో తుపాకీ పట్టగలవాళ్లు 259 మంది. మిగిలినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు, మీ ఈడు పిల్లలు. ఎదురుగా దాదాపు 15,000 సైన్యం, ఫిరంగులు. వాళ్లను పంపిన ముస్తఫా పాషా ఆ దీవిని ఏళ్ల తరబడి పాలించినవాడే. ముసలితనంలో దాన్ని అణచడానికి మళ్లీ వచ్చాడు.

నవంబర్ 8న పోరు మొదలైంది. అది వాళ్ల పాత కేలండర్ ప్రకారం. మన లెక్కలో 20. మొదటిరోజు గోడలు నిలిచాయి. ఆ రాత్రి సహాయం కోసం ఇద్దరిని చీకట్లో బయటికి పంపారు. వాళ్లలో ఒకడు ఆదాం పాపదాకిస్. సైన్యం మధ్యలోంచి దాటి వెళ్లాడు. సహాయం రాదని తెలుసుకున్నాడు. తెలుసుకుని, మళ్లీ అదే దారిలో లోపలికి తిరిగివచ్చి చెప్పాడు. ఈ కథలో నన్ను వదలని మనిషి అతనే. బయటే ఉండిపోతే తప్పుపట్టేవాళ్లు ఎవరు?

తెల్లవారేసరికి దగ్గరి పట్టణం రెథిమ్నో నుంచి తెప్పించిన పెద్ద ఫిరంగులు పడమటి వాకిలికి ఎదురుగా నిలిచాయి. తలుపు బద్దలైంది. లోపల తూటాలు అయిపోతున్నాయి. స్త్రీలూ పిల్లలూ చాలామంది తుపాకీ మందు పీపాలున్న గదిలో చేరారు. సైనికులు దగ్గరికి వచ్చేదాకా ఆగి, కోస్తిస్ యాంబుదాకిస్ అనేవాడు పీపాల్లోకి తుపాకీ పేల్చాడు. గది కప్పు ఆకాశానికి లేచిపోయింది. మఠాధిపతే నిప్పు పెట్టాడని చాలాకాలం చెప్పుకున్నారు గానీ, ఆయన అంతకుముందే పోరులో చనిపోయాడని ఎక్కువమంది అంటారు.

దీన్ని వీరగాథగా చెప్పడమే ఆనవాయితీ. నేనూ మీ వయసులో అలాగే విని ఉంటే ఉప్పొంగేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఆ గదిలో ఒక మూల తల్లి కొంగు పట్టుకుని నిలబడిన పిల్ల కనిపిస్తుంది. ఆ పిల్లను ఎవరు అడిగారు? లొంగిపోయినా బతకనిచ్చేవాళ్లు కారన్న భయం ఉత్తది కాదు. భోజనశాలలో దాక్కుని, తూటాలు లేక చిక్కిపోయిన 36 మందిని అక్కడే నరికేశారు. ఆ చెక్కబల్లల మీద కత్తిగాట్లు ఇంకా ఉన్నాయి. అయినా నా ప్రశ్న పోలేదు.

తిరుగుబాటు మాత్రం ఓడిపోయింది. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో క్రీట్ పక్షాన ఉత్తరాలు రాశాడు, ఐరోపాలో చందాలు పోగయ్యాయి, ఆర్కాది పేరే పెట్టుకున్న ఓడ ఒకటి రాత్రిళ్లు దొంగతనంగా సరుకులు చేరవేసింది. రాజ్యాలేవీ కదలలేదు. సుల్తాను 1868లో కంటితుడుపుగా కొత్త పాలనాచట్టం ఇచ్చాడు, 1869 మొదట్లో పోరాటం చల్లారింది. 1898లో స్వయంపాలన వచ్చింది. గ్రీసులో కలయిక 1913 డిసెంబర్‌లో గానీ జరగలేదు. పదేళ్లకు, 1923 ఒప్పందం కింద, గ్రీకు మాట్లాడే ఆ ముస్లింలందర్నీ ఇళ్లు ఖాళీ చేయించి టర్కీకి పంపేశారు. అక్కడ కొందరి ముసలివాళ్ల నోట క్రీట్ యాస గ్రీకు చాలాకాలం వినిపించేది.

మఠం ఆవరణలో ఆనాటి సైప్రెస్ జాతి చెట్టు ఒకటి ఉంది. మానులో తూటా దిగి ఉంది.

ఈసారి వచ్చేటప్పుడు అట్లాసు తెచ్చుకోండి. ఆర్కాది అందులో ఉండకపోవచ్చు. రెథిమ్నోకు ఆగ్నేయంగా, ఇరవై మూడు కిలోమీటర్ల దూరంలో, పెన్సిలుతో చుక్క మనమే పెడదాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య