చెక్క గిన్నె ఎందుకు పగులుతుంది: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో లేత్ (కర్రను గిర్రున తిప్పే యంత్రం) మీద చెక్క గిన్నెలు చేస్తుంటాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను పడగొట్టిన చెట్ల కొమ్మలతో మొదలైన అలవాటు ఇది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ నోట తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: టేకో, రోజ్‌వుడ్డో ఉంటేనే గిన్నె అందంగా వస్తుంది.

వీధిలో కొట్టేసిన మామిడి కొమ్మ చాలు. నిద్రగన్నేరు మొద్దయితే ముదురు గోధుమరంగు చేవ, దాని చుట్టూ లేత పసుపు అంచు ఒకే గిన్నెలో కనిపిస్తాయి. ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడేది కూడా అంకుడు కర్రే. మెత్తగా, సన్నని పోగుతో ఉంటుంది కాబట్టి ఉలికి చక్కగా లొంగుతుంది.

అపోహ: కర్ర పూర్తిగా ఎండాకే లేత్ ఎక్కించాలి.

చాలామంది మొద్దులు ఇక్కడే పాడవుతాయి. మొద్దును ఎండలో పడేస్తే కోసిన చివరల నుంచి నీరు త్వరగా పోతుంది, లోపల మాత్రం తడి అలాగే ఉంటుంది. పైభాగం ముడుచుకుంటుంటే లోపలిది కదలదు. దాంతో చీలిక వస్తుంది. అందుకే మొద్దును నిలువునా రెండుగా కోసి, నట్టనడుమ మూలుగ తీసేసి, పచ్చిగా ఉండగానే తొలిచేయాలి. 10 అంగుళాల గిన్నెకు గోడ అంగుళం మందం వదలండి. పచ్చి మామిడి తొలుస్తుంటే ఉలి మీంచి పొట్టు పొడవాటి రిబ్బన్లలా లేస్తుంది, మొహం మీద నీటి తుంపర పడుతుంది.

ఆ తర్వాత గిన్నెను గాలి తగలని మూలలో గోనెసంచిలో పెట్టి, నెమ్మదిగా ఆరనివ్వాలి. అడుగున పెన్సిల్‌తో తేదీ, బరువు రాస్తాను. ప్రతి ఆదివారం వంటింటి త్రాసు మీద పెడతాను. ఇప్పుడు నా ముందున్న గిన్నె మీద మొదటి అంకె 1,840 గ్రాములు. నాలుగు నెలల తర్వాత వరసగా మూడు వారాలు 1,130. బరువు ఇక తగ్గడం లేదంటే ఆరినట్టే.

ఈలోగా అది గుండ్రంగా ఉండదు, కోలగా మారుతుంది. మొద్దు కోతలో కనిపించే గుండ్రటి వలయాల వెంబడి కర్ర ముడుచుకునేది, నడిమి వైపు ముడుచుకునేదానికి దాదాపు రెట్టింపు. ఆ వంకర తీసేయడానికే ముందు అంత మందం వదిలాం. మళ్ళీ లేత్ ఎక్కించి పలచన చేస్తే అప్పుడు అసలు గిన్నె బయటికొస్తుంది.

అపోహ: ఉలి మొద్దుగా ఉంటే ప్రమాదం తక్కువ.

ప్రమాదమంతా అందులోనే ఉంది. తెగకపోతే బలంగా నెడతాం, అది కర్రలో దిగబడి గిన్నెను ఎగరగొడుతుంది. నాకు ఒకసారి చీలిక ఉన్న వేప గిన్నె తిరుగుతూ విడిపోయి ముఖకవచానికి తగిలింది. కవచం లేకపోతే కన్ను పోయేది. 10 అంగుళాల గిన్నెను నిమిషానికి 600 నుంచి 900 చుట్ల మధ్యే తిప్పండి. శాండ్ పేపర్ పట్టేటప్పుడు మాస్కు తీయొద్దు. చెక్క పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

అపోహ: కొబ్బరినూనె రాస్తే మెరుపు నిలుస్తుంది.

కొబ్బరినూనె ఆరదు. జిడ్డుగా ఉండిపోయి దుమ్ము పట్టుకుంటుంది. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది. అది తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి పడేయకండి. తనంతట తనే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచండి.

అపోహ: ఒకసారి ఆరిన చెక్క ఇక కదలదు.

మా చెల్లెలు చికాగో వెళ్తూ నేను చేసిన కుంకుమ భరిణె తీసుకెళ్ళింది. డిసెంబరులో ఫోన్ చేసి, "అన్నయ్యా, మూత రావడం లేదు, లాగితే విరుగుతుందేమో" అంది. సముద్రం పక్కన ఆరిన కర్ర, హీటర్ పెట్టిన ఇంట్లో ఇంకాస్త ముడుచుకుని కోలగా అయింది. బలవంతం చేయొద్దన్నాను. వేసవిలో గాలిలో తేమ పెరిగాక దానంతట అదే వచ్చింది. అప్పటి నుంచి అటు వెళ్ళే భరిణెలకు మూత కొంచెం వదులుగా చేస్తున్నాను.