అక్క ఏ ఊరికి పోవాలి?

అనంతపురం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో ఒక పాప అడిగింది: "తాతా, మా అక్కకు జర్మనీలో రెండు సీట్లు వచ్చినాయి. ఒకటి స్టుట్‌గార్ట్, ఇంకొకటి మాగ్డెబర్గ్. రెండూ మెకానికల్ ఎమ్మెస్సే. ఏ ఊరు మంచిది?" ఇంట్లో అందరూ ర్యాంకులు చూసుకుంటుంటే ఊరి సంగతి అడిగింది నువ్వొక్కదానివే తల్లీ. అందుకే ఈ ఉత్తరం.

మన పక్క చేను గుత్తకు పట్టేవాళ్లను చూడండి. ముందు నేల చూస్తారు, నిజమే. కానీ నేల చూసి అడ్వాన్సు ఇచ్చి రారు. బోరులో నీళ్లెన్ని, కరెంటు ఏ వేళకు వస్తుంది, శెనక్కాయ పెరికినాక బండి వచ్చే బాట ఉందా, గుత్త పోను చేతిలో ఏం మిగుల్తుంది, అన్నీ అడుగుతారు. మా చిన్నప్పుడు పెద్దలు గట్టు మీద కూర్చుని పక్క చేను వాళ్లతో మాట్లాడి మాట్లాడి గానీ లేచేవాళ్లు కాదు. చేను ఎదురుగా కనిపిస్తుంటే ఇంకా మాటలెందుకని పిల్లలం విసుక్కునేవాళ్లం.

చదువు నేల అనుకోండి. సబ్జెక్టులు అక్క చూసుకునే ఉంటుంది. ఇక నీళ్లు, అంటే నెల ఖర్చు. జర్మనీ వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ముందే డబ్బు వేసి నెలనెలా కొంతే తీసుకోగలిగే బ్యాంకు ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అక్కడికి పోయినాక నెలకు 992 చొప్పున చేతికొస్తాయి. ఏ ఊరైనా అంకె అదే, కాబట్టి ఖర్చు కూడా ఒకటే అనుకుని మోసపోతారు. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరప్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. నెలకు పంచితే 250. మాగ్డెబర్గ్‌లో అట్లాంటి రాష్ట్ర ఫీజు లేదు, సెమిస్టర్ రుసుము మాత్రమే. ఆఫర్ లెటర్‌లో మాత్రం ఒకసారి సరిచూసుకోమను. ఆరోగ్య బీమా ఎక్కడైనా నెలకు 140 పైనే. అంటే అద్దె కట్టకముందే ఒక ఊర్లో దగ్గర దగ్గర 600, ఇంకో ఊర్లో 850 మిగుల్తాయి. అద్దెలో స్టుట్‌గార్ట్ ఆ దేశంలోనే ఖరీదైన ఊర్లలో ఒకటి, మాగ్డెబర్గ్ చవకైన వాటిలో ఒకటి.

అద్దె ప్రకటనలో రెండు మాటలుంటాయి. 'కాల్ట్' అంటే ఉత్త గది అద్దె. 'వార్మ్' అంటే హీటింగు, నీళ్లు కలిపి. కాల్ట్ అంకె చూసి చవక అనుకోవద్దు. కరెంటు, ఇంటర్నెట్ వార్మ్‌లో ఉన్నాయో లేదో విడిగా అడగాలి. డిపాజిట్ మూడు నెలల కాల్ట్ అద్దెకు మించకూడదు, మూడు వాయిదాల్లో కట్టొచ్చు, అది అక్కడి చట్టం. "నేను వేరే దేశంలో ఉన్నా, డబ్బు పంపితే తాళాలు పోస్టులో పంపిస్తా" అనేవాళ్లకు ఒక్క యూరో కూడా పంపొద్దు. స్టూడెంట్ హాస్టల్ నడిపేది 'స్టుడీరెండెన్‌వెర్క్' అనే సంస్థ. సీటు వచ్చిన రోజే దానికి అప్లై చేయాలి, వెయిటింగ్ లిస్టు పెద్దది.

గదిలో దిగిన రెండు వారాల్లో టౌన్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటాయన సంతకం చేసిన కాగితం కావాలి. సంతకం పెట్టనన్నాడంటే ఆ గది వద్దు, ఎంత చవకైనా సరే. ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిట్ కార్డు, టాక్స్ నంబరు, అన్నీ ఆ చిరునామా మీదే నడుస్తాయి. ఇంకొక చిన్న సంగతి: కింద పోస్టు డబ్బా మీద అక్క పేరు అతికించాలి. చిరునామా సరిగ్గా ఉన్నా డబ్బా మీద పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. టాక్స్ నంబరు ఉత్తరంలోనే వస్తుంది. అది లేకుంటే పనిచేసిన చోట జీతంలో కోత ఎక్కువ పడుతుంది.

స్టుట్‌గార్ట్ గొప్పతనం పనిలో ఉంది. మెర్సిడెస్, పోర్షె, బాష్, అన్నీ ఆ చుట్టుపక్కలే. కానీ ఆ ఆఫీసుల్లో చాలా పనులకు జర్మన్ భాష కావాలి. మాగ్డెబర్గ్‌లో కంపెనీలు తక్కువ. యూనివర్సిటీ ల్యాబులు, ఫ్రాన్‌హోఫర్ పరిశోధన సంస్థ ఉన్నాయి. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 అరపూటలు పనిచేయొచ్చు. పార్ట్‌టైమ్ సంపాదనను నమ్ముకుని అద్దె లెక్క వేసుకోవడం, వాన పడుతుందని నమ్మి నారు పోసుకోవడమే.

నన్నడిగితే, జర్మన్ బాగా వచ్చి ఇంట్లో ఆ అదనపు ఖర్చు మోయగలిగితేనే స్టుట్‌గార్ట్. లేదంటే మాగ్డెబర్గ్‌లో నెమ్మదిగా చదువుకుని, భాష నేర్చుకుని, ఇంటర్న్‌షిప్‌కో థీసిస్‌కో ఆర్నెల్లు స్టుట్‌గార్ట్ కంపెనీకి పోవచ్చు. నాన్న ప్రతి నెలా అప్పు వెతుక్కుంటుంటే ఏ పుస్తకమూ తలకెక్కదు.

పగటి పొద్దు సంగతీ చెప్పాలి. మాగ్డెబర్గ్‌లో డిసెంబర్‌లో సాయంత్రం నాలుగుకే పొద్దు గుంకుతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు గానీ పోదు. ఎందుకో చెప్పమంటే భూమి వాలు గురించి చాలా చెప్పాలి. దానికంటే ఈ రాత్రి మిద్దె ఎక్కండి. చేయి చాపి పిడికిలి పట్టి, ఉత్తరాన ధ్రువనక్షత్రం ఎన్ని పిడికిళ్ల ఎత్తులో ఉందో కొలవండి. ఇక్కడ ఒకటిన్నర. అక్క మాగ్డెబర్గ్ పోతే అదే చుక్క అయిదు పిడికిళ్ల పైన కనిపిస్తుంది, ఆ ఊరు అంత ఉత్తరాన ఉంది మరి.

ఇక బాట. అక్క పక్కన కూర్చుని ఫోన్‌లో మ్యాప్ తెరవండి. స్టుట్‌గార్ట్‌లో ఇంజనీరింగ్ క్యాంపస్ ఫైయింగెన్‌లో ఉంది, 'ఊనివెర్జిటేట్' స్టేషన్. ఊరి బయట ఎస్లింగెన్‌లో గది దొరికినా ఎస్-1 అనే లోకల్ రైలు, బండి మారే పని లేకుండా అక్కడే దించుతుంది. అట్లాంటి స్టేషన్ల వెంబడే గది వెతకాలి. దొరికిన ప్రతి చిరునామాకూ రెండు వేళలు కొట్టి చూడండి: సోమవారం పొద్దున ఎనిమిది, ఆదివారం రాత్రి పదకొండు. ఎన్నిసార్లు బండి మారాలో పక్కన రాయండి. ఆ ఊర్లో చదివే సీనియర్లను మూడే అడగమను: హాస్టల్ ఎన్ని నెలలకు వచ్చింది, పర్మిట్ కార్డు ఎన్నాళ్లకు వచ్చింది, ఏడాది చివర హీటింగు లెక్క ఎంత అదనంగా కట్టించుకున్నారు. జవాబులన్నీ ఒకే కాగితం మీద రాసి నాకు పంపండి.

మీ తాత