ఓఆర్ఎస్‌లో చక్కెర బలానికి కాదు

డబ్ల్యూహెచ్ఓ పాళ్లలో లేని తీపి డ్రింకులు ‘ఓఆర్ఎస్’ పేరు పెట్టుకోకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. దీనికోసం హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. అసలు ఓఆర్ఎస్‌లోనూ చక్కెరే కదా, కాస్త ఎక్కువైతే నష్టమేంటి?

చాలా నష్టం. అందులో గ్లూకోజ్ ఉన్నది రుచికీ కాదు, నీరసానికీ కాదు. చిన్నపేగు గోడ కణాల్లో ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్ ఉంది. జంటగా వస్తేనే తెరుచుకునే తలుపు అది. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు కలిసొస్తే లోపలికి పంపుతుంది. ఉప్పు ఒక్కటే వచ్చి నిలబడితే తెరుచుకోదు. జంట లోపలికెళ్తే వెనకే నీళ్లూ వెళ్తాయి. కలరా విషం కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచి క్లోరైడ్ దారులను బార్లా తెరుస్తుంది. క్లోరైడ్ వెంట సోడియం, నీళ్లు పేగులోకి కారిపోతాయి. అంత చేసినా ఈ తలుపు జోలికి మాత్రం పోదు! మన ప్రాణం నిలిచేది అక్కడే. కానీ చక్కెర మోతాదు మించితే, తలుపు దాటలేని గ్లూకోజ్ పేగులోనే మిగిలి, ఒంట్లో నీళ్లనే ఎదురు లాగుతుంది. విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. అందుకే 2002లో లీటరుకు 20 గ్రాములున్న గ్లూకోజ్‌ను 13.5కి, ఉప్పును 3.5 నుంచి 2.6 గ్రాములకి తగ్గించారు.

ఈ జంట సంగతి జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లోనే చెప్పాడు. 1968లో ఢాకాలో రోగులకు తాగించి చూశారు కూడా. అయినా సెలైన్ ఎక్కిస్తేనే వైద్యమన్న నమ్మకం సడలలేదు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో పశ్చిమ బెంగాల్ సరిహద్దు ఊరు బనగావ్‌లో శరణార్థుల మధ్య కలరా చెలరేగింది, సెలైన్ చాల్లేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా డ్రమ్ముల్లో కలిపించి, కప్పులతో తాగించే పని రోగుల చుట్టాలకే అప్పగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి.

అప్పటిదాకా ప్రపంచ ఆరోగ్యమంటే దోమల మందు డీడీటీ పంపులతో, నిపుణులతో పైనుంచి దిగే కార్యక్రమమే. 1978లో అల్మా-అటా నగరంలో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు ప్రకటన ప్రాథమిక వైద్యాన్ని ముందుకు తెచ్చింది. కానీ ఆ మాటకు ప్రాణం పోసింది బంగ్లాదేశ్ తల్లులే అంటాను. ‘లంఖణం పరమౌషధం’ అని విరేచనాల బిడ్డకు నీళ్లు కూడా ఆపేసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది, అక్కడా ఉండేది. 1980 నుంచి పదేళ్లలో అక్కడి స్వచ్ఛంద సంస్థ బ్రాక్ కార్యకర్తలు కోటికి పైగా ఇళ్లకు వెళ్లి, మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం నీళ్లలో కలపడం తల్లుల చేతే చేయించి నేర్పారు. తర్వాత వేరేవాళ్లు వెళ్లి ఆ తల్లులను మళ్లీ అడిగేవారు. వాళ్లకు ఎంత గుర్తుంటే, నేర్పినవాళ్లకు అంత జీతం.